మూడు వేళ్ల పిట్ట

మా నాయన బోర్డులు రాసేవాడు. బద్వేలులో బస్టాండు పక్క సందులో మాకొక రేకుల కొట్టు ఉండేది. లోపలికి అడుగుపెడితే టర్పెంటైన్ వాసన ముక్కుకు కొట్టేది. ఎరువుల కొట్టు బోర్డులు, కిరాణా బోర్డులు, పెళ్లి బ్యానర్లు, లారీ వెనక పువ్వులు, ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు, అన్నీ ఆయనే రాసేవాడు. బడి అయిపోగానే నేను నేరుగా కొట్టుకే పోయేదాన్ని. కిరసనాయిలులో బ్రష్షులు కడగడం నా పని. కొబ్బరి చిప్పల్లో రంగులు కలపడం కూడా కొన్నాళ్లకు నేర్పించాడు. ఇంటికెళ్లాక అమ్మ నా గోళ్లు చూసి తిట్టేది. జేజి మాత్రం "పోనీలేమ్మా, తండ్రి చేతి పని నేర్చుకుంటాంది" అనేది.

ఇప్పుడు నేను డ్రాయింగ్ టీచర్‌ని. పిల్లలకు పిట్టల బొమ్మలు నేర్పేటప్పుడల్లా నాకు ఒకే పిట్ట గుర్తొస్తుంది. దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. మా నాయనా చూడలేదు. కానీ మా ఇంట్లో అది ముప్పై ఏళ్లకు పైగా ఉంది.

దాని పేరు కలివికోడి.

మా వైపు వాళ్లకు కలివి అంటే చెప్పక్కర్లేదు. లంకమల అడవి అంచున ముళ్ల పొదలు. ఎండాకాలంలో చిన్న చిన్న నల్లటి పండ్లు కాస్తాయి. పచ్చివి నోట్లో పెట్టుకుంటే పాలు జిగురుగా పెదాలకు అంటుకుంటాయి. మాగినవి తింటే నాలుక ఊదారంగుకు తిరుగుతుంది. సెలవుల్లో జేజి వాళ్ల ఊరికి పోయినప్పుడు మేం పిల్లలం సత్తు గిన్నెలు పట్టుకుని కలివిపండ్లకు పోయేవాళ్లం. చేతుల నిండా గీతలు పడేవి. జేజి వాటికి పసుపు రాస్తూ "ఆ పొదల కింద కలివికోడి ఉంటాది, రాత్రిపూట తిరుగుతాది, పొద్దున కనపడదు" అనేది. కోడి అంటే మాకు పెరటి కోడే గుర్తొచ్చేది. అడవి కోడి ఏదో అనుకుని పొదల కిందికి వంగి చూసేవాళ్లం. ఎండుటాకులు, బల్లులు తప్ప ఏమీ కనపడేవి కావు.

ఆ పేరుకు ఎంత విలువ ఉందో 1986 జనవరిలో తెలిసింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. లంకమల కింద రెడ్డిపల్లి దగ్గర ఒక పిట్ట దొరికిందని, ప్రపంచంలో ఇక లేదనుకున్న పిట్ట అని, బొంబాయి నుంచి సార్లు వచ్చారని ఊరంతా ఒకటే మాట. పేపర్లో పడింది. నాయన ఆ పేపరు కొట్లో గోడకు అంటించాడు. అందులో రాసిన సంగతులు అప్పుడు సగమే అర్థమయ్యాయి, మిగతా సగం పెద్దయ్యాక చదువుకున్నాను. జెర్డన్ అనే ఆయన మద్రాసు సైన్యంలో డాక్టరు. నెల్లూరులో కూడా పనిచేశాడు. అక్కడి యానాదుల దగ్గర అడవి సంగతులు ఎన్నో అడిగి తెలుసుకున్నాడు. ఈ పిట్ట సంగతి 1848లో ఆయన వల్లే లోకానికి తెలిసింది. ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1900లో అనంతపురం దగ్గర క్యాంబెల్ అనే ఆయనకు కనిపించింది. అంతే, ఆ తర్వాత 86 ఏళ్లు జాడ లేదు. అంతరించిపోయిందని రాసేశారు.

మా వాళ్లకు మాత్రం దాని పేరు, ఉండే చోటు, తిరిగే వేళ అన్నీ తెలుసు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే శాస్త్రవేత్త వచ్చి ఊరూరా అడిగాడు. బొమ్మ చూపించి మరీ అడిగాడని మా ఊళ్లో చెప్పుకునేవాళ్లు. చివరికి పిట్టలు పట్టడంలో ఆరితేరిన ఐతన్న అనే రెడ్డిపల్లి వైపు మనిషి రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. ఆ ఒక్క పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు పాపం. కానీ జాతి బతికే ఉందని రుజువైంది. నాయన ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక్క దగ్గర ఆగేవాడు. "చూడు పాపా, ముందు బొమ్మ వచ్చింది. తర్వాత పిట్ట వచ్చింది." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఒక గర్వం ఉండేది. బొమ్మలు గీసేవాడికి అంతకన్నా ఏం కావాలి?

1988లో లంకమలను అభయారణ్యం చేశారు. అదే ఏడాది తపాలా శాఖ కలివికోడి బొమ్మతో రూపాయి స్టాంపు తెచ్చింది. మా పోస్ట్‌మేన్ ఒకటి తెచ్చి నాయనకు ఇచ్చాడు. మా జిల్లా పిట్ట స్టాంపు మీదికి ఎక్కడం చిన్న సంగతా? నాయన దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, అగ్గిపెట్టెను బీరువాలో పెట్టాడు.

మరుసటి ఏడు ఒక పెద్ద పని వచ్చింది. అడవి దారిలో పెట్టడానికి ఆరడుగుల బోర్డు రాయాలి, దాని మీద కలివికోడి బొమ్మ వేయాలి. చూసి వేయడానికి ఏముంది? పేపర్లో నలుపు తెలుపు ఫోటో, అది కూడా మసక. ఇక మిగిలింది అగ్గిపెట్టెలో స్టాంపు. నాయన వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి పోయి కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి తెచ్చాడు. స్టాంపు మీద పల్చటి కాగితం పరిచి, సూది మొనలాంటి పెన్సిల్‌తో గళ్లు గీశాడు. రేకు మీద రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాక తెల్ల రంగు రెండు పూతలు వేసి, రంగు సుద్ద పూసిన దారంతో పెద్ద గళ్లు కొట్టాడు. దారం ఒక కొస నేను పట్టుకున్నాను. ఆయన మధ్యలో లాగి వదిలితే టప్పుమని రేకు మీద గీత పడేది. చిన్న గడిలో ఉన్నది పెద్ద గడిలోకి. ఒక్కో గడి చూసి ఒక్కో గడి. అలా రెండు రోజులు.

ఆకారం తేలిగ్గానే వచ్చింది. పొడవాటి కాళ్లు, నిటారుగా నిలబడే పిట్ట, పావురం కన్నా కొంచెం చిన్నది. కష్టమంతా రంగు దగ్గర వచ్చింది. నెత్తి ముదురు గోధుమ రంగు. కంటి మీద వెడల్పాటి తెల్ల పట్టీ, మెడ వెనక్కి పోతుంది. గడ్డం తెలుపు. దాని కింద గొంతు దగ్గర ఒక మచ్చ ఉంటుంది, అది పిట్ట మొత్తానికీ అందం. ఆ కింద రొమ్ముకు అడ్డంగా గోధుమ రంగు పట్టీ, తర్వాత తెల్లగీత, మళ్లీ ఇంకో పట్టీ. రెండు కంటెలు పెట్టుకున్నట్టు ఉంటుంది. శాస్త్రం పేరు కూడా అదే, రెండు కంటెల పిట్ట అని. వీపంతా మా నేల రంగు. కదలకుండా కూర్చుంటే పక్కనే ఉన్నా కనపడదు.

ఆ గొంతు మచ్చ కోసం నాయన ఎన్ని చిప్పలు పాడుచేశాడో లెక్కలేదు. డబ్బాలో వచ్చే ఆరెంజ్ వేస్తే పార్టీ జెండాలాగా ఉంది. అందులో గోల్డెన్ బ్రౌన్ కలిపితే బెల్లం రంగుకు తిరిగింది. రెడ్ ఆక్సైడ్ చుక్క వేస్తే మురికిగా అయింది. ప్రతి చుక్కా పాత పేపరు మీద రాసి, ఎండలో పెట్టి, ఆరాక చూసేవాడు. ఎనామిల్ తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఒక రంగు. మూడో రోజు సాయంత్రం నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఊరి బయట ఇటుకల బట్టీకి తీసుకుపోయాడు. కాలి చల్లారిన ఇటుక ఒకటి తీసి విరిచాడు. లోపలి వైపు చూపించి "ఇదిగో, బయట కాదు, లోపల ఉండే ఈ రంగు" అన్నాడు. ఆ ఇటుక ముక్క జేబులో వేసుకుని వచ్చి, పక్కన పెట్టుకుని కలిపాడు. ఈసారి కుదిరింది. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది.

బోర్డు పూర్తయిన రోజు సందులో వాళ్లంతా వచ్చి చూశారు. జేజి కళ్లు చికిలించి చూసి "కోడి అంటే ఇంత అందంగా ఉంటాదా?" అంది.

బోర్డు తీసుకుపోయే రోజు, పక్షుల సర్వే కోసం వచ్చిన ఒక కుర్రాడు కొట్టుకొచ్చాడు. బొమ్మను చాలాసేపు చూశాడు. బాగుందన్నాడు, రంగు మరీ బాగుందన్నాడు. తర్వాత మెల్లిగా "అన్నా, ఒక్క మాట చెప్పనా? ఏమనుకోవద్దు. దీనికి వెనక వేలు ఉండదు" అన్నాడు.

నాయన వేసిన కాళ్లకు కోడి కాళ్ల మాదిరే ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి. స్టాంపులో కాలి వేళ్లు అంత చిన్నగా ఉంటే ఎవరికి తెలుస్తాయి? పైగా పేరులోనే కోడి ఉంది. ఆయన చెయ్యి అలవాటుగా వెనక వేలు వేసేసింది. ఆ కుర్రాడు నేల మీద కూర్చుని పుల్లతో గీసి చూపించాడు. ఈ పిట్ట నేల మీద పరిగెత్తే రకం, కొమ్మ పట్టుకుని కూర్చునే పని లేదు, అందుకే ముందుకు మూడే వేళ్లు. పిట్ట కంటికి కనపడటం అరుదు కాబట్టి పొదల మధ్య ఖాళీ జాగాల్లో మెత్తటి మన్ను జల్లించి పరిచి, తెల్లారి వచ్చి అడుగులు వెతికే పద్ధతి కూడా ఉందట. మూడు వేళ్ల గుర్తు పడితే అది రాత్రి వచ్చిపోయినట్టు.

నాయన ముఖం చిన్నబోయింది. బోర్డు పంపించలేదు. ఆ రాత్రి లాంతరు పక్కన పెట్టుకుని, రెండు కాళ్ల వెనక వేళ్లూ బ్లేడుతో గీకి తీసి, నేల రంగు మళ్లీ వేశాడు. నేను లాంతరు పట్టుకున్నాను. "తప్పు రాసినా ఎవరికీ తెలియదు కదా నాయనా" అన్నాను నిద్రమత్తులో. ఆయన తల ఎత్తలేదు. "రేపు ఎవరైనా ఈ బోర్డు చూసి, మన్నులో నాలుగు వేళ్లు వెతికితే?" అన్నాడు.

ఆ మాట నన్ను ఇన్నేళ్లుగా వదల్లేదు. బొమ్మ గీయడానికి కూర్చున్న ప్రతిసారీ వినపడుతుంది.

1991 వానాకాలంలో నాయనకు రోళ్లపాడు నుంచి పిలుపొచ్చింది, బట్టమేక అనే పెద్ద గడ్డినేల పిట్ట బోర్డు కోసం. అప్పటి కర్నూలు జిల్లా, నందికొట్కూరు దగ్గర. ఈసారి ఆయన ఒక షరతు పెట్టాడు, పిట్టను చూశాకే రాస్తానని. నన్నూ తీసుకుపోయాడు. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సులు మారుతూ పోయాం. చుట్టూ జొన్న చేలు, కొర్ర చేలు, మధ్యలో కంచె వేసిన గడ్డి నేల. తెల్లవారుజామున చలికి వణుకుతూ కూర్చున్నాం. ముందు కృష్ణజింకలు కనపడ్డాయి. తర్వాత చాలా దూరంలో గడ్డి పైన ఒక తెల్లటి మెడ లేచింది.

మీటరు ఎత్తు పిట్ట. మగది పదిహేను కిలోల దాకా తూగుతుందట, అంత బరువుతో ఎగిరే పిట్టలు ప్రపంచంలోనే కొన్ని. నెత్తి మీద నల్ల టోపీ, రొమ్ము మీద నల్ల పట్టీ. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు నడిచింది. కాసేపటికి గొంతు సంచిలాగా ఉబ్బించి, లోతుగా హూమ్మని ఒక శబ్దం చేసింది. చెవికన్నా ముందు గుండెకు తగిలింది నాకు. నాయన చేతిలో నోటుబుక్కు తెరిచే ఉంది, పెన్సిల్ కదల్లేదు. గంటసేపు ఊరికే చూశాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపుల మధ్య మొదలుపెట్టాడు. "పుస్తకంలో బొమ్మ చూసి ముక్కు తిన్నగా అనుకున్నా పాపా. అది ముక్కు కొంచెం పైకెత్తి నడుస్తాది, చూసినావా? ఆ కొంచెంలోనే ఉంది అంతా."

రోళ్లపాడు బోర్డు ఆయన రాసినవాటిలో గొప్పది. నా అభిప్రాయం కాదు, ఆయన అభిప్రాయం. చూసి రాసిందానికీ చూడకుండా రాసిందానికీ తేడా ఆయనకు తెలుసు. కలివికోడి బోర్డు గురించి ఎవరైనా మెచ్చుకుంటే "అది స్టాంపు బొమ్మ" అనేవాడు. బట్టమేకను మెచ్చుకుంటే మాత్రం నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు దేశం మొత్తం మీద బట్టమేకలు నూట యాభై కూడా ఉండవంటున్నారు, ఎక్కువభాగం రాజస్థాన్‌లోనే. ఆ ఉదయం మేం చూసింది ఎంత అదృష్టమో అప్పుడు తెలియలేదు.

తర్వాత నేను హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదవడానికి పోయాను. అక్కడ ఒక లెక్చరర్ నా పిట్టల బొమ్మలు చూసి, ఇది ఇలస్ట్రేషనే కానీ ఆర్ట్ కాదన్నారు. ఆ రోజు హాస్టల్‌లో బాగా ఏడ్చాను. లైబ్రరీలో ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే ఉస్తాద్ మన్సూర్ వేసిన సైబీరియా కొంగ బొమ్మ కనపడింది. జహంగీర్ కొలువులో చిత్రకారుడు. అసలు బొమ్మ కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. తెల్లటి కొంగ, ఎర్రటి ముఖం, ఆ కాళ్ల మీద ముడతలు కూడా వేశాడు. నాలుగు వందల ఏళ్ల కింద ఒకాయన ఒక పిట్ట ముందు కూర్చుని, మా నాయన ఇటుక ముక్క పెట్టుకున్నట్టే దాని రంగు కోసం తిప్పలు పడి ఉంటాడనిపించింది. ఏడుపు ఆగిపోయింది. ఆ కొంగలు చలికాలానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వచ్చేవి. 2002 తర్వాత అక్కడికి ఒక్కటీ రాలేదు. ఇలస్ట్రేషన్ అయితే ఏం, ఆర్ట్ అయితే ఏం, మన దేశంలో ఇప్పుడు ఆ పిట్టను చూడాలంటే ఆ బొమ్మ దగ్గరికే పోవాలి.

తెలుగుగంగ కాలువ సంగతి కూడా చెప్పాలి. 2005 ప్రాంతంలో కలివికోడి తిరిగే జాగాలో కాలువ తవ్వకం మొదలైంది. గొడవైంది, కోర్టుల దాకా పోయింది, చివరికి కాలువ దారి మార్చారు. మా అమ్మ వాళ్లవి మెట్ట చేలు. నీళ్ల కోసం ఎన్నేళ్లు ఎదురుచూశారో నాకు తెలుసు. మా మేనమామ ఒకరోజు నాయనతో "నీ పిట్ట వల్ల మా నీళ్లు ఆలస్యమయినాయి బావా" అన్నాడు. నాయన ఏమీ అనలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక "నీళ్లు దారి మార్చుకుని అయినా వస్తాయి బామ్మర్దీ. అది యాడికి పోతాది?" అన్నాడు. మామ కూడా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దారి మార్చినా పిట్ట మాత్రం కనపడటం మానేసింది. 2008 తర్వాత చూశామన్న గట్టి మాట లేదు. పాత అడవి బోర్డు కూడా తుప్పుపట్టింది. ఒకసారి ఆ దారిన పోతూ ఆగి చూశాను. కంటి మీద తెల్ల పట్టీ పొలుసులుగా లేచిపోయింది. గొంతు మచ్చ మాత్రం, ఆ ఇటుక రంగు, అలాగే ఉంది.

నా క్లాసులో ప్రతి ఏడాదీ ఒక రోజు కలివికోడి రోజు. ముందు బడి గ్రౌండ్‌లో మన్ను జల్లించి పరుస్తాం. కాకులు, గోరింకలు, కోళ్లు నడిచిపోతాయి. మరుసటి రోజు పిల్లలు ఆ గుర్తులు గీస్తారు, వేళ్లు లెక్కపెడతారు. తర్వాతే బొమ్మ. రంగు కోసం డబ్బా తెరవనివ్వను, బయటికి పోయి ఇటుకో రాయో ఎండుటాకో తెచ్చుకోమంటాను. పోయినేడు ఒక పాప కలివి ముళ్లకొమ్మ తెచ్చి "టీచర్, పిట్ట దీని కింద ఉంటది కదా, దీని నీడ కూడా వేయాలి" అంది. నాకు ఆలోచన రాలేదు ఇన్నేళ్లు. నీడ వేస్తే పిట్ట నిజంగా నేల మీద నిలబడింది.

నాయనకు ఇప్పుడు ఎనభై. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కొట్టు ఎప్పుడో ఫ్లెక్సీలు వచ్చినప్పుడే మూసేశాం. 2025 ఆగస్టులో కలివికోడి కూత మళ్లీ వినిపించిందని, ఆంధ్రప్రదేశ్‌లోనే ఒకచోట రాత్రిపూట రికార్డు చేశారని చదివి, ఫోన్ పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఈ పిట్ట కూత ఎలా ఉంటుందో శాస్త్రవేత్తలకే 2002 దాకా సరిగ్గా తెలియదు. పాత రికార్డింగ్ ఒకటి వెతికి, ఆయన చెవి దగ్గర పెట్టాను.

క్విక్-కూ. క్విక్-కూ. క్విక్-కూ. చిన్న గొంతు, ఎవరినో గబగబా పిలుస్తున్నట్టు.

కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా పెట్టించుకున్నాడు.

"అయితే నోరు తెరిచి రాయాల్సింది పాపా" అన్నాడు. "నేను రాసిన ప్రతిదానికీ నోరు మూసే పెట్టినా."

పెన్సిల్ ఇమ్మన్నాడు. చెయ్యి వణుకుతోంది. కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, నల్ల మొన ఉన్న ఆ పసుపు ముక్కును రెండు గీతల్లో వేశాడు. రెండు గీతల మధ్య ఒక బియ్యపు గింజంత సందు వదిలాడు.

"ఇంత చాలునా, ఇంకొంచెం తెరవాల్నా?" అని నన్ను అడిగాడు. ఫోన్‌లో కూత నాలుగోసారి పెట్టాను.